పని లేని వేళ యంత్రం: నల్లగొండ, పాలమూరు మెట్టల్లో మోట నుంచి ఆటో స్టార్టర్ దాకా

యంత్రం పని చేస్తున్నప్పుడు ఎంత శక్తి ఖర్చవుతుందో లెక్కగట్టడం పాత విద్యే గాని, పని లేనప్పుడు ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టడం చాలా ఆలస్యంగా మొదలైంది. ల్యాప్‌టాప్‌లోని ప్రాసెసర్, అంటే ఆదేశాలను వరుసగా అమలుచేసే ప్రధానమైన చిప్పు, పని లేనప్పుడు తన వేగాన్ని తానే తగ్గించుకొని కరెంటు మిగిల్చే ఏర్పాటు గత పాతికేళ్లలో మామూలైపోయింది గనుక, దాన్ని కంప్యూటరు పరిశ్రమకే చెందిన ఉపాయంగా తలచడం పరిపాటి. అయితే పని లేని వేళ యంత్రం ఏం చేయాలి, దాన్ని ఆపవలసింది ఎవరు అన్న ప్రశ్న కృష్ణకు ఉత్తరాన ఉన్న నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టల్లో, నీళ్లు తోడే పని చుట్టూ, చిప్పుల కంటే ముందు నుంచే నలుగుతూ వచ్చింది. ఈ రెండు చరిత్రలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, ఒక చోట యంత్రానికి పొదుపు ఎందుకు అబ్బిందో, మరో చోట ఎందుకు అబ్బలేదో కొంత తేటపడుతుంది.

2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో పాత నల్లగొండ జిల్లా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలుగానూ, పాలమూరు అని జనం పిలుచుకునే పాత మహబూబ్‌నగర్ ప్రధానంగా మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల జిల్లాలుగానూ చీలాయి. 2019లో నారాయణపేట మరో జిల్లా అయింది. కృష్ణ ఈ నేల దక్షిణపు అంచును ఒరుసుకొని పారుతున్నా, భూములు నదికి చాలా ఎత్తున ఉండడం వల్ల, సాగర్ ఎడమ కాలువ కింది మిర్యాలగూడ వైపు పొలాలను, జూరాల ఆయకట్టును మినహాయిస్తే, తక్కిన చెలకల్లో ఎక్కువ భాగం చాలా కాలం చెరువు మీదో బావి మీదో ఆధారపడి బతికింది. అడుగున ఉన్నది గ్రానైటు, నైస్ జాతి రాయి. దాని మీద చివికి మెత్తబడిన పొర కొంత మందాన ఉంటుంది, దాని కింద రాతిలో పగుళ్లు ఉంటాయి, నీళ్లు నిలిచేది ఈ రెండు చోట్లే. అందువల్ల ఇక్కడి బావికి ఒక పూటకు ఇంతే అన్న హద్దు ఉంటుంది. తోడిన తరువాత చుట్టుపక్కల పొరల నుంచి నీళ్లు మెల్లగా వచ్చి చేరడాన్నే రైతులు ఊట అంటారు. ఊట వేగాన్ని మించి తోడే యంత్రం ఎంత గొప్పదైనా, ఆ మించిన మేరకు అది పని లేని యంత్రమే.

ఈ హద్దును బాగా ఎరిగిన సాధనం మోట. చర్మంతో కుట్టిన బొక్కెనకు ఏనుగు తొండం లాంటి గొట్టం అమర్చి, పై కట్టుకు లావాటి మోకును, తొండం కొసకు సన్నటి తాడును కట్టి, ఆ రెంటినీ గిలకల మీదుగా ఎద్దుల కాడికి తగిలించేవారు. బావి గట్టు నుంచి ఏటవాలుగా దిగే దారిలో ఎద్దులు కిందికి నడుస్తుంటే బొక్కెన పైకి వచ్చేది. సన్నతాడు కొలత మోకు కొలత కంటే తక్కువగా ఉండడంతో, గట్టు దగ్గరికి వచ్చేసరికి తొండం దానంతట అది తొట్టిలోకి వాలి నీళ్లు కుమ్మరించేది. తిరిగి ఎద్దులు ఎగువకు జరిగేటప్పుడు వాటి మెడ మీద బరువు ఉండదు, అంటే ప్రతి దఫాలోనూ సగం నడక బరువు లాగేది, సగం నడక ఊపిరి తీసుకునేది. నీళ్లు అడుగంటగానే బొక్కెన రాతికి తగిలిన చప్పుడు పైకి వినిపించేది, మోట ఆగేది, ఎద్దులను విప్పేవారు, మళ్లీ ఊట చేరేదాకా బావి జోలికి పోయేవారు కారు. ఊరికే తిప్పితే అలిసేది తన ఎద్దులు, తరిగేది తన గడ్డివాము. ఆపమని రైతుకు మరొకరు చెప్పవలసిన అవసరం రాలేదు.

మోట తరువాత వచ్చిన ఆయిల్ ఇంజన్ దశ గురించి ఒక్క విషయం చెప్పుకుంటే చాలు. ఆ ఇంజన్‌కు గవర్నర్ అనే పరికరం ఉంటుంది. బరువు తగ్గి చక్రం వేగం పెరగబోతే, తిరిగే చిన్న గుండ్లు బయటికి జరిగి, నూనె సరఫరాను తగ్గించి వేగాన్ని అదుపులో పెడతాయి. 18వ శతాబ్దపు చివర జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి అమర్చిన ఉపాయం ఇదే. ప్రాసెసర్ వేగాన్ని ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు పెంచాలో నిర్ణయించే భాగాన్ని లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ రాసినవారు కూడా గవర్నర్ అనే పిలిచారు, కాబట్టి పాలమూరు బావి గట్టు మీద ఇంజన్ నడిపినవారికి ఆ మాట కొత్తదేమీ అయ్యేది కాదు. ఇంజన్ తాగే డీజిల్ డబ్బాల లెక్కన కొనుక్కొచ్చేది గనుక, మడి తడవగానే దాన్ని ఆపడంలో ఎవరూ ఆలస్యం చేయలేదు.

కరెంటు మోటరుతో ఈ సంబంధం మారింది. 1959లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు, 1969లో కేంద్రం నెలకొల్పిన గ్రామీణ విద్యుదీకరణ సంస్థ అప్పులతో పల్లెలకు లైన్లు లాగుతున్న కొద్దీ, మోట గిలకలు అటకెక్కి మూడు ఫేజుల ఇండక్షన్ మోటర్లు బావుల్లోకి దిగాయి. ఇండక్షన్ మోటరు వేగం దాన్ని నడిపే రైతు చేతిలో ఉండదు. సెకనుకు 50 సార్లు దిశ మారి తిరిగి వచ్చే గ్రిడ్ కరెంటు పౌనఃపున్యానికి అది కట్టుబడి, రెండు ధ్రువాల మోటరైతే నిమిషానికి 3,000 చుట్లకు కాస్త తక్కువగా తిరుగుతుంది. బావిలో నీళ్లు పుష్కలంగా ఉన్నా అంతే వేగం, అడుగంటుతున్నా అంతే వేగం. దానికి తెలిసిన స్థితులు రెండే, పూర్తిగా తిరగడం, పూర్తిగా ఆగడం. ఈ రెంటి మధ్య ఉన్నది స్టార్టర్ డబ్బా మీది ఆకుపచ్చ బటన్, ఎర్ర బటన్.

ఆ ఎర్ర బటన్ నొక్కడానికి ఉన్న కారణాలు ఒక్కొక్కటే తొలగిపోయాయి. 1980ల ఆరంభంలో యూనిట్ల లెక్క పోయి, మోటరు సామర్థ్యాన్ని బట్టి ఏడాదికింత అని కట్టే శ్లాబు పద్ధతి వచ్చింది, ఎన్.టి. రామారావు ప్రభుత్వం హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల ధర పెట్టడంతో అది ఊరూరా పాకింది. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకంతో ఉచిత విద్యుత్తు అమలైంది. ఐదు హార్స్‌పవర్ మోటరు గంటకు నాలుగైదు యూనిట్లు వాడుతుందన్న సంగతి ఇంజనీర్ల పుస్తకాల్లో మిగిలిందేగాని, పొలం దగ్గర దాన్ని చూపించే మీటరు లేదు. ఈ మార్పును రైతు బాధ్యతారాహిత్యంగా చిత్రించే వ్యాసాలకు కొదవ లేదు. అవి సరఫరా చరిత్రను పక్కన పెట్టి రాసినవి.

వ్యవసాయ ఫీడర్లను, అంటే సబ్‌స్టేషన్ నుంచి పొలాలకు పోయే లైన్లను, గ్రూపులుగా విడగొట్టి, ఒక గ్రూపుకు పగలు కొన్ని గంటలు, రాత్రి కొన్ని గంటలు, వారం మారితే వేళలు తారుమారు అన్న వంతుల పద్ధతి దశాబ్దాల పాటు నడిచింది. పట్టణాలకు, ఫ్యాక్టరీలకు అవసరం తగ్గిన రాత్రివేళ మిగిలే కరెంటును మోటర్ల మీదికి మళ్లించడం గ్రిడ్ దృష్టిలో సబబైన పనే; గ్రిడ్ తీరిక సమయం రైతుకు నిద్ర సమయం కావడమే అందులోని చిక్కు. చెప్పిన వేళకు కరెంటు రాకపోవడం, వచ్చినా మధ్యలో పోవడం మామూలు కాగా, నడిరాత్రి చేతిలో టార్చిలైటుతో గట్ల వెంట పోయిన రైతులు పాముకాటుకు, షాకుకు గురైన వార్తలు ప్రతి యాసంగిలోనూ పత్రికల్లో వచ్చేవి. దీనికి విరుగుడుగా వచ్చింది ఆటో స్టార్టర్. కరెంటు వచ్చిన మరుక్షణం మనిషి ప్రమేయం లేకుండా మోటరును నడిపించే ఈ చిన్న పరికరం రైతు ప్రాణాన్ని కాపాడింది, నిద్రను కాపాడింది. బదులుగా, మోటరు ఎప్పుడు ఆగాలో నిర్ణయించే చివరి మనిషిని కూడా ఆ తోవ నుంచి తప్పించింది. మడి నిండి నీళ్లు గట్టు పొర్లినా, కరెంటు ఉన్నంతసేపూ అది తిరుగుతూనే ఉండేది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటర్లన్నీ కరెంటు రాగానే ఒక్కసారిగా మొదలవడం వల్ల, మొదలయ్యేటప్పుడు ప్రతి మోటరూ మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు గుంజుతుంది కాబట్టి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవడం కూడా తరచయింది.

బావులు ఎండి బోర్లు దిగిన తరువాత ఈ వృథాకు మరో రూపం వచ్చింది. సబ్‌మెర్సిబుల్ మోటరు, అంటే గొట్టంలో నీళ్ల అడుగున మునిగి పనిచేసే మోటరు, తన చుట్టూ ఉన్న నీటితోనే చల్లబడుతుంది. ఊట తగ్గి నీటిమట్టం మోటరు కిందికి జారితే, అది గాలిని తిప్పుతూ వేడెక్కి కాలిపోతుంది. సాగుభూమి ఎకరాల కంటే బోర్ల సంఖ్యే ఎక్కువని పత్రికలకెక్కిన నల్లగొండ జిల్లా ముషంపల్లి లాంటి ఊళ్లలో, ఒక బోరు ఎండితే దాని పక్కన మరింత లోతుకు ఇంకొకటి వేయడం, లోతు పెరిగిన కొద్దీ హార్స్‌పవర్ పెంచడం ఒక విషవలయమైంది. కాలిన మోటరును పైకి లాగి వైండింగ్ దుకాణానికి మోసుకుపోయి, మాడిన రాగి తీగను చుట్టలు చుట్టలుగా పెరికి కొత్త తీగ చుట్టించుకు వచ్చే ఖర్చు ఉచిత విద్యుత్తు లెక్కల్లో ఎక్కడా కనిపించదు.

ఆ మోటర్లు కాలడానికి మరో పెద్ద కారణం తక్కువ వోల్టేజీ. ఇక్కడే మోటరు దారి, ప్రాసెసర్ దారి విడిపోతాయి. వోల్టేజీ అంటే కరెంటును తోసే ఒత్తిడి. లైను చివరి పొలంలో ఆ ఒత్తిడి తగ్గినప్పుడు, పైకెత్తవలసిన నీటి బరువు మాత్రం తగ్గదు గనుక, ఇండక్షన్ మోటరు అదే పని నెరవేర్చడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది, తీగలు వేడెక్కుతాయి, పైపూత మాడుతుంది. ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ బదులు రెండు మూడు మోటర్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, పొలం దాకా 11 కిలోవోల్టుల లైనే లాగే హెచ్.వి.డి.ఎస్. పద్ధతిని విద్యుత్ సంస్థలు తరువాత చేపట్టింది ఈ బాధ తగ్గించడానికే. మోటరుకు తక్కువ వోల్టేజీ శాపం. ప్రాసెసర్‌కు అదే వరం.

ఎందుకు వరమో కొంత వివరంగా చూడాలి. ప్రాసెసర్ కోట్లాది ట్రాన్సిస్టర్ల కూర్పు. ప్రతి ట్రాన్సిస్టరూ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే ఒక సూక్ష్మమైన స్విచ్చి. స్విచ్చి మారిన ప్రతిసారీ కాస్త విద్యుదావేశాన్ని నింపాలి, మళ్లీ ఖాళీ చేయాలి. ఇందుకయ్యే ఖర్చు వోల్టేజీ వర్గాన్ని, సెకనుకు ఎన్నిసార్లు మారుతుందన్న పౌనఃపున్యాన్ని కలిపి గుణించినంతగా ఉంటుంది. కాబట్టి వేగం ఒక్కటే సగం చేస్తే, అదే పని రెట్టింపు సేపు సాగుతుంది గనుక మొత్తం మీద మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. అసలు లాభం వోల్టేజీ తగ్గించడంలో ఉంది. తక్కువ ఒత్తిడి మీద ట్రాన్సిస్టర్లు మెల్లగా మారతాయి గనుక, వేగం తగ్గించనిదే వోల్టేజీ తగ్గించడం కుదరదు. ల్యాప్‌టాప్ పని లేనప్పుడు నెమ్మదించడంలోని మర్మం ఇంతే.

ఈ మర్మం తెలిసినంత తొందరగా ఆచరణలోకి రాలేదు. ఎం.ఎస్.డాస్ కాలంలో ప్రాసెసర్ ఎవరైనా మీట నొక్కారా లేదా అని పూర్తి వేగంతో చూస్తూనే కాలం గడిపేది. పని లేనప్పుడు ఆగి ఉండమని చెప్పే హాల్ట్ అనే ఆదేశం 1978 నాటి 8086 చిప్పులోనే ఉన్నా, విండోస్ 95 సైతం దాన్ని వాడుకోలేదు. కరెంటు ఉన్నంతసేపూ తిరిగే ఆటో స్టార్టర్ మోటరుకు ఇది అచ్చమైన తోబుట్టువు. గోడ ప్లగ్గుకు తగిలించిన కంప్యూటరు యజమానికి కూడా, పాలమూరు రైతుకు లాగే, కారుతున్న శక్తి కనిపించలేదు మరి. కదలిక బ్యాటరీ ఉన్న యంత్రం నుంచే మొదలైంది. 1990లో ఇంటెల్ ల్యాప్‌టాప్‌ల కోసమే 386 ఎస్.ఎల్. చిప్పును తెచ్చింది, 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ప్రకటించిన ఏ.సి.పి.ఐ. ప్రమాణం శక్తి పొదుపు పెత్తనాన్ని, ఏ పని ఎంత ఉందో ఎరిగిన ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి అప్పగించింది. 2000 జనవరిలో ఇంటెల్ స్పీడ్‌స్టెప్ పేరుతోనూ, ట్రాన్స్‌మెటా లాంగ్‌రన్ పేరుతోనూ, నడుస్తుండగానే వేగమూ వోల్టేజీ మార్చుకునే ప్రాసెసర్లను తెచ్చాయి.

2003 నాటి పెంటియం ఎం చిప్పును దగ్గరగా చూస్తే సంగతి అంకెల్లో తేలుతుంది. పూర్తి పని మీద అది 1.6 గిగాహెర్ట్జ్ వేగంతో 1.484 వోల్టుల మీద నడుస్తుంది. పని పలచబడితే 600 మెగాహెర్ట్జ్‌కు దిగి 0.956 వోల్టులతో సరిపెట్టుకుంటుంది. వేగం ఎనిమిదింట మూడు వంతులకు తగ్గితే, వోల్టేజీ వర్గం కలవడం వల్ల స్విచ్చుల ఖర్చు ఆరో వంతుకు కూడా తక్కువ అవుతుంది. చిప్పు విడుదల చేసే గరిష్ఠ వేడి 24.5 వాట్ల నుంచి 6 వాట్లకు దిగుతుందని తయారీదారు ఇచ్చిన లెక్క దీని కంటే కాస్త ఎక్కువగా ఉండడానికి ఒక కారణం, స్విచ్చులు కదలకున్నా ట్రాన్సిస్టర్ల గుండా కారిపోయే కరెంటు. దీన్నే లీకేజీ అంటారు.

నీటి పంపుకూ ఇలాంటి సూత్రమే ఉంది. పంపు తిరిగే వేగాన్ని సగం చేస్తే వచ్చే నీళ్లు సగమవుతాయి, ఖర్చయ్యే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఇంత లాభం ఉండగా బోరు మోటరును నెమ్మదిగా ఎందుకు నడపలేదన్న ప్రశ్నకు జవాబు రాతి నేలలోనే ఉంది. వేగం సగమైతే పంపు నీటిని ఎత్తగల ఎత్తు నాలుగో వంతుకు తగ్గుతుంది. వందల అడుగుల లోతు నుంచి తోడే చోట ఒక హద్దు దిగువకు వేగం తగ్గితే చుక్క నీరు పైకి రాదు, మోటరు తిరిగిన తిరుగుడంతా దండగ. అంటే లోతు బోరుకు నెమ్మదించడం దాదాపు కుదరదు. తోడవలసినంత తోడి పూర్తిగా ఆగడమే దాని పొదుపు. లీకేజీ పెరిగిన కొద్దీ ప్రాసెసర్లు కూడా కొంత మేర ఈ దారికే వచ్చాయి. పనిని చకచకా ముగించి, చిప్పులో వాడని భాగాలకు కరెంటు తీసేసి, మరింత మరింత గాఢమైన నిద్ర మెట్లలోకి దిగడం నేటి పద్ధతి. మోట రైతు ఎద్దులను విప్పడం ఈ రెండో రకానికి చెందిన విద్య.

గ్రిడ్ తీరిక వేళను సద్వినియోగం చేసే యంత్రాలు ఈ జిల్లాల్లోనే ఉన్నాయన్నది పక్కనే చెప్పుకోవలసిన విషయం. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలోని ఎనిమిది యూనిట్లలో 100.8 మెగావాట్ల చొప్పున ఏడు యూనిట్లు రెండు వైపులా తిరగగలవి; కరెంటు అవసరమైనప్పుడు టర్బైన్లుగానూ, మిగిలినప్పుడు దిగువ నీటిని తిరిగి జలాశయంలోకి ఎత్తే పంపులుగానూ పనిచేయడానికి వాటిని అమర్చారు. నీటిని దిగువన పట్టి నిలిపే టెయిల్‌పాండ్ ఆనకట్ట దశాబ్దాల పాటు పూర్తికాకపోవడంతో, ఆ రెండో పని చాలాకాలం కాగితం మీదే ఉండిపోయింది. శ్రీశైలం ఎడమగట్టున, కొండ గర్భంలో కట్టిన 900 మెగావాట్ల కేంద్రంలోని ఆరు యూనిట్లూ ఇదే జాతివి.

తెలంగాణ ఏర్పడ్డాక కథ మలుపు తిరిగింది. 2017 జూలైలో నల్లగొండతో పాటు కరీంనగర్, మెదక్ పాత జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలోని దాదాపు 23 లక్షల పంపుసెట్లకు 24 గంటల ఉచిత విద్యుత్తు ఇచ్చారు. కరెంటు ఎప్పుడూ ఉండేదైతే ఆటో స్టార్టర్‌కు అర్థం లేదు, పైగా అది పగలూ రాత్రీ తిరిగి భూగర్భ జలాన్ని ఊడ్చేస్తుంది. అందువల్ల వాటిని తీసేయమని ప్రభుత్వం పిలుపునిచ్చింది, విద్యుత్ సిబ్బంది ఊరూరా తిరిగారు. కొన్ని ఊళ్లలో రైతులే ఇరవై నాలుగు గంటలు వద్దు, పగటిపూట తొమ్మిది గంటలు చాలని అడిగారు. ఊట లెక్క మోటతోనే పోలేదనడానికి ఇది సాక్ష్యం. అంతకు ముందు 2000ల తొలి దశకంలో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఏడు కరువు జిల్లాల్లో నడిచిన రైతుల భూగర్భ జల యాజమాన్య పథకంలో నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నాయి. రైతులు తమ బోర్లలో నీటిమట్టాన్ని తామే కొలిచి, వాన లెక్క రాసి, యాసంగికి ముందు ఊరి నీళ్లెన్ని, పైరు తాగేదెంత అని పద్దు వేసుకునేవారు. ఆపరేటింగ్ సిస్టమ్ క్షణక్షణం ప్రాసెసర్ తీరికను కొలిచి వేగం నిర్ణయించడం లాంటి పనినే వారు సీజనుకొకసారి కాగితం మీద చేశారు. వరి వేయవలసిన చోట ఆరుతడి పంట వేయడం దాని ఫలితం. స్టార్టర్లు తీయించే ఉద్యమం కంటే ఈ పద్దు పద్ధతిలోనే ఎక్కువ సారం ఉంది, ఎందుకంటే అది ఎర్ర బటన్ నొక్కడానికి రైతుకు మళ్లీ ఒక కారణం ఇచ్చింది.

ల్యాప్‌టాప్ తెర మూలన బ్యాటరీ శాతం ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. పాలమూరు, నల్లగొండ పొలాల్లోని స్టార్టర్ డబ్బా మీద అలాంటి అంకె ఏదీ లేదు. వ్యవసాయ కనెక్షన్లకు మీటర్లు లేనందువల్ల, ఆ మోటర్లు ఏడాదికి ఎన్ని యూనిట్లు వాడాయన్నది కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర అమర్చిన మీటర్ల నమూనా నుంచి వేస్తూ వచ్చిన అంచనాయే.